పాలరాతి ముక్కలా, పొడియా: ఆమ్లంతో చర్యకు ఏది మేలు?

సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో పాలరాయిని వేసి కార్బన్ డయాక్సైడ్ తయారుచేసే ప్రయోగానికి రాయిని ముక్కలుగా వాడాలా, నూరి పొడిగా వాడాలా అని అడిగితే, పొడితో చర్య వేగంగా జరుగుతుందన్న జవాబు వెంటనే వస్తుంది. ఆ మాట నిజమే గాని, వేగంగా జరిగే చర్యే మేలైనదని దానివల్ల తేలదు.

వేగం ఎందుకు పెరుగుతుందో చిన్న లెక్కతో తెలుస్తుంది. ఆమ్లం తాకగలిగేది రాతి పైపొరను మాత్రమే. పాలరాయిలోని ముఖ్య పదార్థమైన కాల్షియం కార్బోనేట్‌లో లోపల ఉన్నది తన వంతు వచ్చేదాకా ఆగవలసిందే. భుజం 1 సెంటీమీటరు ఉన్న ఘనానికి ఉపరితల వైశాల్యం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే 1 మిల్లీమీటరు భుజం గల 1000 ఘనాలుగా కోస్తే, రాతి బరువు మారకుండానే వైశాల్యం 60 చదరపు సెంటీమీటర్లకు చేరుతుంది. మెత్తని పొడిలో అది ఇంకా ఎన్నో రెట్లు. వచ్చే వాయువు మొత్తం మాత్రం పెరగదు. ఆమ్లం తగినంత ఉన్నప్పుడు 100 గ్రాముల స్వచ్ఛమైన కాల్షియం కార్బోనేట్, ఏ రూపంలో వేసినా, 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌నే ఇస్తుంది.

వేగాన్ని కొలవడమే ప్రయోగం ఉద్దేశమైతే చిన్న ముక్కలే మేలని నా అభిప్రాయం. పొడి వేయగానే నురగ పొంగి శాంకవ కుప్పె మూతి దాకా వస్తుంది, బిరడా బిగించేలోపే కొంత వాయువు తప్పించుకుంటుంది, నురగతో పైకి లేచిన పొడి గోడలకు అంటుకుని ఆమ్లానికి దూరమవుతుంది. దాంతో వేగం అత్యధికంగా ఉండే తొలి క్షణాల కొలతలే నమ్మదగనివి అవుతాయి. ముక్కలతోనైతే ప్రతి అర నిమిషానికీ వాయువు ఘనపరిమాణాన్ని తీరిగ్గా రాసుకుని గ్రాఫు గీయవచ్చు. (అయితే ముక్కలకు సల్ఫ్యూరిక్ ఆమ్లం పనికిరాదు, నీటిలో అంతగా కరగని కాల్షియం సల్ఫేట్ పొర రాతిని కప్పేసి చర్యను దాదాపు ఆపేస్తుంది.) కుళాయి తెరిచినప్పుడే వాయువును ఇచ్చే కిప్ పరికరంలో పొడి వాడే ప్రశ్నే లేదు: కుళాయి మూసినప్పుడు వాయు పీడనం ఆమ్లాన్ని రాతినుంచి కిందికి నెట్టాలి, పొడి అయితే ఆమ్లంలోకే జారిపోతుంది.

పొడికే పట్టం కట్టవలసిన చోట్లు ప్రయోగశాల బయట ఉన్నాయి. థర్మల్ విద్యుత్ కేంద్రాల పొగలోని సల్ఫర్ డయాక్సైడ్‌ను తొలగించడానికి సున్నపురాయిని (ఇందులోనూ ముఖ్యంగా ఉండేది కాల్షియం కార్బోనేటే) పిండిలా నూరి, నీటిలో కలిపి, పొగకు ఎదురుగా చల్లుతారు. పొగ ఆ జల్లులో ఉండేది కొన్ని సెకన్లే కాబట్టి, నూరడానికి ఎంత విద్యుత్తు ఖర్చయినా ముక్కలతో ఆ పని సాగదు.

ఆమ్ల నేలలకు వేసే సున్నపురాయి విషయంలో మాత్రం తీర్పు అంత సూటిగా ఉండదు. మెత్తని పొడి ఆ పంటకాలంలోనే నేల ఆమ్లత్వాన్ని తగ్గించడం మొదలుపెడుతుంది, బరక రేణువులు ఏళ్ల తరబడి నెమ్మదిగా కరుగుతాయి. అందువల్ల రెండూ కలిసిన సరుకును నాసిరకమని తోసిపుచ్చనక్కరలేదు, అందులో మెత్తని భాగం ఎంతుందో చూసుకుని మోతాదు నిర్ణయించుకుంటే సరిపోతుంది.