మూతల తురుముతో సబ్బు పళ్లెం: చేతి మోల్డింగ్ యంత్రంతో నాలుగేళ్లు

ఒక్క సబ్బు పళ్లెం కోసం అచ్చును మూడుసార్లు చేయించాను. ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ పళ్లెం గురించే. యంత్రం ఏమి చేయగలదో, ఏమి చేయలేదో నాకు తెలిసింది దానివల్లే.

ముందు యంత్రం సంగతి. డేవ్ హాకెన్స్ అనే డచ్ డిజైనర్ 2013లో మొదలుపెట్టిన ప్రెషస్ ప్లాస్టిక్ ప్రాజెక్టు, పాత ప్లాస్టిక్‌ను తురిమి, కరిగించి, పోతపోసే యంత్రాల డ్రాయింగులను అందరికీ ఉచితంగా ఇస్తుంది. వాటిలో చేతి ఇంజెక్షన్ యంత్రాన్ని ఎంచుకుని విజయవాడ ఆటోనగర్‌లో చేయించుకున్నాను. నిలువుగా ఒక ఇనుప గొట్టం, దాని చుట్టూ బ్యాండ్ హీటర్లు, వేడిని అదుపు చేసే కంట్రోలర్, పొడవాటి లీవరు, అంతే. తురుము పోసి, కరిగాక లీవరు కిందికి లాగితే ప్లాస్టిక్ అచ్చులోకి దిగుతుంది. నాలుగేళ్లలో రెండు హీటర్లు, వేడిని కొలిచే ఒక థర్మోకపుల్ మార్చాను. మిగతాదంతా ఇప్పటికీ గట్టిగా ఉంది.

ముడిసరుకు సీసాల మూతలు. చాలామంది తొందరపడేది ఇక్కడే. మూతల్లో కొన్ని హెచ్‌డీపీఈ (హై డెన్సిటీ పాలిథిలీన్) అనే ప్లాస్టిక్‌వి, కొన్ని పీపీ (పాలీప్రొపిలీన్) అనే ప్లాస్టిక్‌వి. మూత మీది రీసైక్లింగ్ గుర్తు త్రికోణంలో 2 ఉంటే మొదటిది, 5 ఉంటే రెండోది. హెచ్‌డీపీఈ సుమారు 130 డిగ్రీలకు కరుగుతుంది, పీపీకి 160 దాటాలి. రెండూ నీటిలో తేలతాయి కాబట్టి తొట్టిలో వేసి విడదీయడం కుదరదు. గుర్తు లేని మూతను నేను వాడను. రెండూ కలిపి పోసిన వస్తువు చూడటానికి బాగానే ఉంటుంది, వంచితే పొరలుగా లేస్తుంది. పీవీసీ ముక్క మాత్రం పొరపాటున కూడా కలవకూడదు. వేడికి అది హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వదులుతుంది. ఊపిరితిత్తులకూ చేటు, ఇనుప గొట్టానికీ చేటు.

ఇక పళ్లెం. పాత ప్లాస్టిక్ కదా, మందంగా ఉంటే ఎక్కువ కాలం నిలుస్తుందని అడుగును 6 మి.మీ. పెట్టాను. అచ్చులోంచి తీసినప్పుడు చదునుగానే ఉంది. అరగంటకు అంచులు పైకి లేచాయి, నడుమ గుంట పడింది. హెచ్‌డీపీఈ చల్లారేటప్పుడు 100 మి.మీ. పొడవుకు ఒకటిన్నర నుంచి 3 మి.మీ. దాకా కుంచించుకుపోతుంది. మందమైన చోట లోపలి భాగం ఆలస్యంగా గట్టిపడుతూ, అప్పటికే గట్టిపడిన పైపొరను తనవైపు లాక్కుంటుంది. ఆ అచ్చుకు ఇంకో లోపమూ ఉంది. గోడలకు వాలు లేదు. కుంచించుకున్న పళ్లెం అచ్చు మధ్య దిమ్మెను పట్టేసుకుంటే స్క్రూడ్రైవర్‌తో పెకలించాల్సి వచ్చేది, అల్యూమినియం అంతా గీతలు. చేసినవారిని తప్పు పట్టను, వాలు ఉండాలని నా డ్రాయింగులోనే లేదు.

రెండో అచ్చులో అన్ని వైపులా 3 మి.మీ. మందం, గోడలకు 2 డిగ్రీల వాలు, అడుగున బలానికి అందులో సగం మందంతో పట్టీలు. పళ్లెం చదునుగా వచ్చింది, సులువుగా ఊడింది. నాకెంతో సంతోషమేసింది. ఎనిమిది నెలలు స్నానాల గదిలో వాడాక, నీరు కారే చీలిక పక్కన సన్నని గీత వెంబడి విరిగింది. కరిగిన ప్లాస్టిక్ చీలికకు అటూ ఇటూ రెండు పాయలుగా పారి అవతల కలుస్తుంది. కలిసే సరికి పాయలు కాస్త చల్లబడి ఉంటాయి, అతుకు గట్టిగా పడదు. భుజబలంతో తోసే యంత్రంలో ఒత్తిడి తక్కువ కాబట్టి ఆ అతుకు మరీ బలహీనం. రంగురంగుల మూతలు వాడి చూడండి, చారలు ఎదురెదురుగా వచ్చి ఆగిన చోటే అతుకు కనిపిస్తుంది.

మూడోసారి ప్లాస్టిక్ దిగే గేటును అంచు నుంచి అడుగు మధ్యకు మార్చాను. చీలికలను సగానికి తగ్గించి, చక్రం ఆకుల్లా నడుమ నుంచి అంచు వైపు పెట్టించాను. పాయలు ఇప్పుడు చీలిక పొడవునా పారి, చివర్లో కొద్ది మేర మాత్రమే కలుస్తాయి. ఈ పళ్లేనికి రెండున్నరేళ్లు నిండాయి. రోజూ వాడుతున్నాం, పగుళ్లు లేవు.

పీపీతో పోసిన కొక్కేలు డాబా మీద రెండో వేసవికే తెల్లబడి, చేత్తో వంచితే పుటుక్కున విరిగాయి. అవే కొక్కేలు అల్మరాలో నిక్షేపంగా ఉన్నాయి. ఎండలో ఉండేవి ఇప్పుడు చేయడం లేదు. తిండి తగిలే వస్తువు మొదటి నుంచీ చేయలేదు, చేయను. ఆ మూతలకు అంతకుముందు ఏమేమి తగిలాయో నాకు తెలియదు.

వస్తువులు చేసి అమ్మడానికి కొనాలనుకునేవారికి ఈ యంత్రం సరిపోదు. కరగడానికి, చల్లారడానికి కలిపి ఒక్కో వస్తువుకు పావుగంట పడుతుంది, ఇరవై తీసేసరికి భుజాలు పట్టేస్తాయి. ఒక రూపాన్ని గీసి, పోసి, ఇంట్లో వాడి, విరిగిన చోటు చూసి మళ్లీ గీసే ఓపిక ఉన్నవారికి మాత్రం నిస్సందేహంగా చెబుతాను, తీసుకోండి. యంత్రం ఖర్చు ఒక్కసారే, అచ్చుల ఖర్చు మళ్లీ మళ్లీ వస్తుందని లెక్కవేసుకుని దిగండి.

ఇప్పుడు బకెట్ తీగకు తొడిగే పిడి గీస్తున్నాను. నడుమ తీగ దూరే రంధ్రం ఉంటుంది కాబట్టి అతుకు తప్పదు. బకెట్ ఎత్తినప్పుడు బరువు పిడి కింది సగం మీద పడుతుంది. గేటు కింద పెడితే అతుకు పైన, బరువు పడని వైపు వస్తుంది. కానీ గేటు కోసిన మచ్చ వేళ్లకు గుచ్చుకుంటుంది. రెండు రకాలుగానూ చెక్కతో నమూనాలు చేయించి, నీళ్లు నింపిన బకెట్‌తో రోజూ మోసి చూస్తున్నాను.