గల్ఫ్ వలసకి సర్కారు సాయం: 275 రూపాయల బీమా నుంచి అంబులెన్సు దాకా

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట వైపు నుంచి వెల్డరుగానో ఫిట్టరుగానో గల్ఫ్ వెళ్ళే కుర్రాళ్ళకి, ఇక్కడ ఎదురుచూసే ఇంటివాళ్ళకి సర్కారు సేవలు కాగితం మీద చాలానే ఉన్నాయి. వాటిలో ఏది అక్కరకొస్తుంది, ఏది మొండికేస్తుంది అన్నదే ఇక్కడ చూస్తున్నాం. విజిట్ వీసా మీద విమానం ఎక్కినవాడికి మాత్రం వీటిలో చాలావరకు అందవు. "ముందు వెళ్ళిపో బాబూ, అక్కడ దిగాక వీసా మార్చేస్తారు" అని ఏజెంటు అన్నాడంటే బేరం అక్కడితో ఆపెయ్యాలి.

మొదట విదేశాంగ శాఖ నడిపే ఈ-మైగ్రేట్ పోర్టల్. పాస్‌పోర్టులో ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అని ఉన్నవాళ్ళు, అంటే ఎక్కువగా పదో తరగతి గట్టెక్కనివాళ్ళు, 18 దేశాలకి పనికి వెళ్ళాలంటే దీని ద్వారా ఎమిగ్రేషన్ క్లియరెన్సు, అంటే వెళ్ళడానికి సర్కారు అనుమతి, తీసుకోవాలి. సౌదీ, ఖతార్, ఒమన్, కువైట్, బహ్రెయిన్, యూఏఈ, మలేషియా ఆ జాబితాలో ఉన్నాయి. సింగపూర్ లేదు. ఉద్దానం నుంచి సింగపూర్ షిప్‌యార్డులకి వెళ్ళేవాళ్ళూ ఉన్నారు కాబట్టి ఈ తేడా గుర్తుండాలి. అక్కడికి వెళ్ళేవాడికి కింద చెప్పే బీమా తప్పనిసరి కాదు, అడిగి చేయించేవాళ్ళూ ఉండరు.

పోర్టల్‌లో బాగా పనికొచ్చేది ఏజెంటు లైసెన్సు చూసుకునే పేజీ. ఏజెన్సీ పేరు కొడితే లైసెన్సు నడుస్తోందా, ఆపేశారా, గడువు తీరిందా తెలిసిపోతుంది. అయినా మోసపోతున్నారంటే కారణం ఇది: బోర్డు మీదున్న ముంబై కంపెనీ పేరుతో వెతికితే లైసెన్సు నిక్షేపంగా కనబడుతుంది, డబ్బు మాత్రం ఊళ్ళో సబ్ ఏజెంటు ఫోన్‌పేకి పోతుంది. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేనివాడు ఈ పని చెయ్యకూడదు. లైసెన్సున్నవాడు తీసుకోదగ్గది కూడా 30,000 రూపాయలు, దానిమీద 18 శాతం జీఎస్టీ, వెరసి 35,400. డబ్బు కంపెనీ ఖాతాకే వెయ్యాలి, రసీదు కంపెనీ పేరుతోనే ఉండాలి. లక్షన్నర అడిగేవాడు ఎలాగూ రసీదు రాయడు. ఈసీఆర్ పాస్‌పోర్టుతో వెళ్ళే ఆడవాళ్ళకి దారి ఇంకా ఇరుకు. 30 ఏళ్ళు నిండాలి, విదేశీ ఉద్యోగాలకి పంపే రాష్ట్ర సంస్థ ఓంక్యాప్ లాంటి సర్కారు సంస్థల ద్వారానే వెళ్ళాలి.

ఇక ప్రవాసీ భారతీయ బీమా యోజన. రెండేళ్ళకి 275, మూడేళ్ళకి 375 రూపాయలు. ఈసీఆర్ క్లియరెన్సు కావాలంటే ఇది ఉండాల్సిందే. ప్రమాదంలో మరణించినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చి పని పోయినా 10 లక్షలు. ఆ డబ్బుకి ఇంతకన్నా చవగ్గా దొరికేది లేదు. చిక్కల్లా అర్థం చేసుకోవడంలోనే ఉంది. 'పోతే పది లక్షలొస్తాయి' అని ఊళ్ళో అనుకుంటారు. నిద్రలో గుండె ఆగి పోతే రావు, జబ్బుతో పోతే రావు. కిడ్నీ జబ్బు ఇంటింటికీ తెలిసిన ఉద్దానంలో ఈ ముక్క వెళ్ళే ముందే చెప్పాలి. దీన్నొక్కదాన్నే నమ్ముకోకుండా వేరే జీవిత బీమా ఒకటి ఉండడం మంచిది.

రెండో చిక్కు గడువు. రెండేళ్ళ పాలసీ తీసుకుంటారు, కంపెనీ ఇంకో రెండేళ్ళు ఉంచుకుంటుంది, పాలసీ సంగతి ఎవరికీ గుర్తుండదు. ఆన్‌లైన్‌లో అక్కణ్ణించే పొడిగించుకోవచ్చు. కంపెనీ మారినా పాలసీ చెల్లుతుంది. మూడోది మరీ చిన్న విషయం: పాలసీ పీడీఎఫ్ కుర్రాడి ఫోన్లో ఉంటుంది. జరగరానిది జరిగిన రోజు ఆ ఫోను దమ్మామ్‌లో కంపెనీ వాళ్ళ దగ్గర ఉంటుంది, కవిటిలో భార్యకి పాలసీ నంబరు కూడా తెలియదు. పాలసీ, పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందం, క్లియరెన్సు ఈ ఐదూ జిరాక్సు తీసి ఇంట్లో బియ్యం డబ్బా పక్కన పెట్టినా సరే, పెట్టాలి. పెళ్ళికి ముందు నామినీగా రాసిన అమ్మ పేరే ఇంకా ఉందేమో చూసుకోవాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరంగా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోవడం నయం. క్లెయిము ఆగిపోయేది అక్కడే.

జీతం ఇవ్వకపోయినా, పాస్‌పోర్టు లాక్కున్నా ఇంటివాళ్ళు ఇక్కణ్ణించే చెయ్యగలిగినవి రెండు. ఒకటి ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ 1800 11 3090, రాత్రీ పగలూ పనిచేస్తుంది. రెండోది విదేశాంగ శాఖ ఫిర్యాదుల వెబ్‌సైటు మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు. మదద్‌లో 'మావాణ్ణి కాపాడండి' అని రాస్తే కదలిక ఉండదు. పాస్‌పోర్టు నంబరు, కంపెనీ పేరు, క్యాంపు ఉన్న ఊరు, వీసా రకం, ఎన్ని నెలల జీతం బాకీయో రాయాలి. యజమాని ఎవరో తెలియకపోతే ఎంబసీ ఎవరికి ఫోను చేస్తుంది? ఇంగ్లీషులో నింపాల్సి రావడం దీనికి పెద్ద లోపం. అందుకే ఆ పనీ మళ్ళీ ఏజెంటు చేతికే వెళ్తోంది, ఫిర్యాదు ఎవరి మీదో వాడికే ఇచ్చినట్టు.

గుజరాత్‌లోని వెరావల్ బోట్ల మీద వేటకి వెళ్ళే మన మత్స్యకారులకి ఈ చట్రంలో చోటే లేదు, గుజరాత్ పరదేశం కాదు గనక. అలా వేటకి వెళ్ళి 2018 నవంబరులో సముద్రంలో పాకిస్తాన్‌కి చిక్కిన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళు వాఘా సరిహద్దు దాటి వచ్చేసరికి 2020 జనవరి అయింది.

మృతదేహం తెప్పించడంలో రాష్ట్ర ఎన్ఆర్‌టీ (ప్రవాసాంధ్రుల) సొసైటీ ఇచ్చే ఉచిత అంబులెన్సు నిజంగా మేలు చేసేది, హైదరాబాదు నుంచి ఇచ్ఛాపురం దాకా బండి బాడుగ ఎంతవుతుందో లెక్కేస్తే తెలుస్తుంది. కంపెనీ చేతులెత్తేస్తే విమాన ఖర్చుకి ఎంబసీ దగ్గర సంక్షేమ నిధి ఉంటుంది. ఆలస్యం ఎక్కువగా మన వైపు నుంచే: దేహం పంపడానికి దగ్గరి వారసుడి సమ్మతి పత్రం అడుగుతారు, అది భార్య రాయాలా తండ్రి రాయాలా అని ఇంట్లో మూడు రోజులు గడిచిపోతాయి. పెళ్ళయితే భార్యే. పత్రంలో పేరు పాస్‌పోర్టులో జీవిత భాగస్వామి పేరు ఎలా ఉందో అలాగే ఉండాలి.