క్రూజ్‌కి సీప్యాప్ మెషిన్ తీసుకెళ్తున్నారా? ఆ నీలం సంచి కిట్ మాత్రం కొనకండి

నిన్న ఆదివారం పొద్దున గాల్వెస్టన్‌లో ఓడ దిగాం. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఆలస్యం చేయకుండా రాసేస్తున్నా. సీప్యాప్ అంటే నిద్రలో ఊపిరి ఆగకుండా మాస్క్ ద్వారా గాలి పంపే మెషిన్. దాని సామాను కోసం ఒక్కసారి వెతికినా చాలు, ఆ యాడ్ వెంటపడుతుంది, మీరూ చూసే ఉంటారు. నీలం సంచి, అందులో పవర్ బోర్డు, మాస్క్ తుడుచుకునే వైప్స్, పైన పెద్ద అక్షరాలతో 'క్రూజ్ అప్రూవ్డ్'. 49 డాలర్లు. నాన్నగారి మెషిన్ కోసం తెప్పించాను. టెర్మినల్‌లో ఎక్స్‌రే దగ్గరే బోర్డు తీసేసుకుని, చేతికి రసీదు ఇచ్చి, దిగే రోజు పట్టుకెళ్ళమన్నారు.

సెక్యూరిటీ ఆయన తప్పేమీ లేదు. బోర్డు తిరగేసి చూపించాడు. వెనక స్టిక్కర్ మీద ఆవగింజంత అక్షరాల్లో '300 జె' అని ఉంది. జె అంటే జౌల్స్. సర్జ్ (వోల్టేజీ ఉన్నట్టుండి ఎగదన్నడం) వచ్చినప్పుడు బోర్డు ఎంత శక్తిని తట్టుకుంటుందో చెప్పే లెక్క అది. ఆ లెక్క ఉందంటే లోపల సర్జ్ ప్రొటెక్షన్ ఉన్నట్టే. యాడ్‌లో ఆరు ఫొటోలున్నాయి, ఒక్కదాంట్లోనూ వెనకవైపు లేదు. వెనకవైపు ఫొటో పంపమని కొనేముందే అడగాల్సింది, అడగలేదు. అది నా పొరపాటే.

ఓడలో ఇది చిన్న విషయం కాదు. ఇంట్లో కరెంటుకి న్యూట్రల్ తీగని ఎర్త్‌కి కలిపేస్తారు. ఓడల్లో చాలావరకు అలా కలపరు, రెండు తీగలూ ఎర్త్‌కి దూరంగానే ఉంటాయి. ఎక్కడో ఒక తీగ ఓడ ఇనుముకి తగిలినా కరెంటు పోకుండా ఉండాలని ఆ ఏర్పాటు. సర్జ్ బోర్డులో తీగకీ ఎర్త్‌కీ మధ్య చిన్న బిళ్ళల్లాంటి వేరిస్టర్లు ఉంటాయి. ఓడలో వేరే ఎక్కడైనా ఒక తీగ ఇనుముకి తగిలితే రెండో తీగ వోల్టేజీ అంతా ఆ బిళ్ళల మీద పడుతుంది. అవి వేడెక్కి బోర్డు అంటుకోవచ్చు. దీని మీద అమెరికా కోస్ట్ గార్డ్ 2013లోనే ప్రత్యేకంగా హెచ్చరిక ఇచ్చింది. అలాంటి బోర్డుని మంచం పక్కన, నిద్రపోయే మనిషి తల దగ్గర పెట్టుకోమని అమ్ముతున్నారు!

అసలు కడుపు మండింది ఆ తర్వాత. ఓడ వైఫైలోనే సెల్లర్‌కి చాట్ చేసి, రసీదు ఫొటో పెట్టాను. వస్తువు వెనక్కి పంపితేనే డబ్బు అన్నారు. వస్తువు ఓడవాళ్ళ దగ్గరుంది, వారం దాకా ఇవ్వరు అని చెప్పాను. 'షిప్ రూల్స్ తెలుసుకోవడం కస్టమర్ బాధ్యత' అని జవాబు. మరి మీ సంచి మీద 'అప్రూవ్డ్' అని ఉందే, అప్రూవ్ చేసిందెవరు అని అడిగాను. చాట్ మూసేశారు. మళ్ళీ తెరిస్తే అదే వాక్యం ఇంకోసారి అతికించారు. వాపసు గడువు 14 రోజులు, శనివారంతో అయిపోయింది. బోర్డు నా చేతికొచ్చింది ఆదివారం. 49 డాలర్లు పోతే పోయాయి. మొదటి రాత్రి వైరు మంచం దాకా అందక మెషిన్ బల్ల మీద, నాన్నగారు మంచం మీద. రిసెప్షన్ వాళ్ళు వైరు తెచ్చిచ్చేసరికి రాత్రి రెండయింది. అప్పటిదాకా ఆయన ఊపిరి ఆగినప్పుడల్లా తట్టి లేపుతూ కూర్చున్నాం. ఇది మాత్రం మర్చిపోలేను.

అన్ని ఓడలకీ చెల్లే 'క్రూజ్ అప్రూవ్డ్' ముద్ర అంటూ ఏదీ లేదు. ఏ కంపెనీ జాబితా దానిదే. సర్జ్ ప్రొటెక్షన్ లేని మామూలు ఎక్స్‌టెన్షన్‌ని కూడా రానివ్వని కంపెనీలున్నాయి. అందుకని ఏదీ కొనొద్దు, ఓడవాళ్ళనే అడగండి. బుకింగ్ అయ్యాక స్పెషల్ నీడ్స్ ఫారం ఉంటుంది. అందులో సీప్యాప్ అని రాసి, ఎక్స్‌టెన్షన్ వైరూ, మెషిన్ ట్యాంకులో పోయడానికి డిస్టిల్డ్ వాటరూ కావాలని పెట్టండి. కనీసం నెల ముందు పంపి, ఒప్పుకున్నట్టు వచ్చిన ఈమెయిల్ ప్రింట్ తీసుకెళ్ళండి. చాలా గదుల్లో ప్లగ్గులు అద్దం కింద బల్ల దగ్గరే ఉంటాయి. మంచం రెండు మూడు మీటర్ల దూరం, మెషిన్ వైరు అందదు. బాత్రూంలో షేవర్ ప్లగ్గు కనిపిస్తుంది, దానికి మెషిన్ పెట్టకండి, అది షేవర్‌కి సరిపడేంత కరెంటే ఇస్తుంది.

ఇంటి దగ్గర ఎలాగూ బోర్డు వాడుతుంటారు కాబట్టి స్టిక్కర్ చదవడం నేర్చుకోండి. జౌల్స్ లెక్క, 'సర్జ్' అన్న మాట, వీపీఆర్ అన్న మూడు ఇంగ్లిష్ అక్షరాలు, 'ప్రొటెక్టెడ్' అని వెలిగే చిన్న లైటు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఓడకి పనికిరాదు.

ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నల మెషిన్‌కి చాలావరకు ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. అడాప్టర్ ఇటుక మీద 'ఇన్‌పుట్ 100-240' అని ఉందో లేదో చూడండి. ఉంటే మన గుండ్రటి పిన్నుల ప్లగ్గుకి ఒక మామూలు మార్పిడి ప్లగ్గు చాలు. అందులోనూ సర్జ్ ప్రొటెక్షన్ ఉండకూడదు.

నీళ్ళ లెక్క. రెస్‌మెడ్ ఎయిర్‌సెన్స్ 10 అనే మెషిన్‌లో గాలికి తేమ పట్టించే నీళ్ళ ట్యాంకు 380 మిల్లీలీటర్లు. రోజూ నిండా పోసినా ఏడు రాత్రులకి 2.7 లీటర్లు దాటదు, ఒక గ్యాలన్ డబ్బా సరిపోతుంది. మినరల్ వాటర్ వద్దు, ట్యాంకు అడుగున తెల్లగా గార కడుతుంది. కదిలించే ముందు ట్యాంకు తీసి పూర్తిగా ఖాళీ చేయండి. నీళ్ళతో వంచితే మోటారులోకి దిగి మెషిన్ పాడవుతుంది.

ఇంకొకటి. పోర్టర్‌కి ఇచ్చిన పెట్టెలు గదికి చేరేసరికి ఒక్కోసారి రాత్రవుతుంది, మెషిన్ మీ చేతిలోనే ఉంచుకోండి. చివరి రాత్రి పెట్టెలు గది బయట పెట్టమంటారు. సర్దే హడావుడిలో మాస్కూ ట్యూబూ అందులో వేసేయకండి, ఆ రాత్రి కూడా పడుకోవాలి కదా.