పాత గేములకి రైజెన్ 7 5700ఎక్స్3డీ: కొన్నాక ఆర్నెల్లకి నా మాట

పాత గేములు ఆడుకోడానికి కొత్త ప్రాసెసర్ ఏంట్రా అని ఇంట్లో నవ్వారు, సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్) షాపతను కూడా అదే పాట, "గేమింగ్ అంటే గ్రాఫిక్స్ కార్డ్ మార్చుకో అన్నా, ప్రాసెసర్ దేనికి" అని. నేను ఆడేవి మూడే మూడు, కౌంటర్ స్ట్రైక్ 1.6, డోటా 2, వావ్ (వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్) క్లాసిక్. వీటిల్లో ఉన్న కార్డే సగం నిద్రపోతోంది, ఇంక పెద్దది తెచ్చి ఏం చేస్కోను.

ఇలాంటి గేముల్లో బరువంతా ఒకట్రెండు కోర్ల మీదే పడుద్ది, మిగతావి గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటాయి. ఆ పని చేసే కోర్ కూడా మాటిమాటికీ ర్యామ్ దగ్గరికి పరిగెత్తాల్సొస్తే అక్కడే నత్తి. ఆ పరుగు తగ్గించేది ప్రాసెసర్ లోపలే ఉండే మెమరీ, ఎల్3 క్యాష్. నా పాత రైజెన్ 5 5600లో అది 32 ఎంబీ, ఈ 5700ఎక్స్3డీలో 96. క్లాక్ (కోర్ నడిచే స్పీడ్) చూస్తే పాతదే ఎక్కువ, 4.4 గిగాహెర్ట్జ్, ఇది 4.1కే ఆగిపోద్ది. కాగితం మీద చూసి కొనేవాడైతే దీన్ని ముట్టుకోడు.

బిగించడంలో తప్పు నాదే. బయోస్ (మదర్‌బోర్డులో ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చెయ్యకుండా నా బీ450 మదర్‌బోర్డులో పెట్టేశా, స్క్రీన్ నల్లగా అలాగే ఉంది, మళ్లీ 5600 పెట్టి అప్‌డేట్ చేసి మళ్లీ ఇది పెట్టేసరికి ఆదివారం అయిపోయింది. పెట్టెలో కూలర్ రాదు, విడిగా కొనాలి. అసలు దెబ్బ ఏంటంటే బయోస్ అప్‌డేట్‌తో ఎక్స్ఎంపీ (ర్యామ్‌ని పూర్తి స్పీడ్‌లో నడిపే సెట్టింగ్) ఎగిరిపోయి 3200 ర్యామ్ 2133లో నడుస్తోంది, నేను చూస్కోకుండా రెండ్రోజులు కొలతలు తీసి, ఇదేంటి ఇంతేనా అని తిట్టుకున్నా. కొలిచే ముందు టాస్క్ మేనేజర్‌లో ర్యామ్ స్పీడ్ చూడండి బాబూ.

1.6లో అయితే ఒక్క ముక్క, డబ్బులు దండగ. డస్ట్2 మ్యాప్‌లో ఒక డెమో రికార్డ్ చేసి, దాన్నే మళ్లీ నడిపి స్పీడ్ కొలిచే టైమ్‌డెమో కమాండ్‌తో రెండు ప్రాసెసర్ల మీదా తిప్పా, రెండూ నా 144 హెర్ట్జ్ మానిటర్‌కి అందనంత పైనే ఉన్నాయి. అక్కడ పని చేసేది సెట్టింగులే. గేమ్ కన్సోల్‌లో ఎఫ్‌పీఎస్_ఓవర్‌రైడ్ 1 పెట్టకపోతే ఎఫ్‌పీఎస్_మ్యాక్స్ ఎంత ఇచ్చినా సెకనుకి 100 ఫ్రేముల (ఎఫ్‌పీఎస్) దగ్గరే కట్టేస్తది. ఇంకోటి చాలామందికి తట్టదు, గేమ్ మరీ తేలికైపోయి గ్రాఫిక్స్ కార్డ్ తనకి పనే లేదనుకుని క్లాక్ దించేస్తది, 300 ఎఫ్‌పీఎస్ చూపిస్తూనే చేతికి మాత్రం జర్క్ తగుల్తా ఉంటది. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్లో ఆ ఒక్క గేమ్‌కి పవర్ మోడ్‌ని మ్యాగ్జిమమ్‌కి పెడితే పోయింది. మౌస్ పోలింగ్ (సెకనుకి ఎన్నిసార్లు మౌస్ కదలిక పీసీకి చేరుద్దో) 4000లో పెట్టుకుని స్టట్టర్ అని ఏడ్చేవాళ్లు కూడా ఉన్నారు (నేనే), 1000కి దించండి.

డోటాలో మాత్రం పెట్టిన ప్రతి రూపాయీ కనపడింది. ఒకే రీప్లేలో రోషాన్ అనే పెద్ద రాక్షసుడి దగ్గర పదిమందీ కొట్టుకునే నిమిషం తీసుకుని, ఫ్రేములు కొలిచే క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్ సాఫ్ట్‌వేర్‌తో మూడేసి సార్లు కొలిచా. యావరేజ్ చూడకండి, అది తేలిగ్గా నడిచిపోయే ఫ్రేముల్ని కూడా కలిపేసి అంతా బాగుందని చెప్తది. చూడాల్సింది "1 శాతం లో", అంటే అన్నిట్లోకీ నెమ్మదైన 1 శాతం ఫ్రేముల ఎఫ్‌పీఎస్. పాతదాంట్లో ఫైట్ మొదలవ్వగానే అది వంద కిందకి జారేది, ఇప్పుడు అదే ఫైట్‌లో మానిటర్‌కి దగ్గర్లోనే ఉంటోంది, బ్లింక్ (ఒక్కసారిగా ఇంకోచోటికి దూకడం) కొట్టాక ఆగినట్టనిపించే ఆ క్షణం లేదు.

వావ్‌లో ఆర్గ్రిమార్ ఆక్షన్ హౌస్ ముందు, 40 మంది మోల్టెన్ కోర్ రెయిడ్‌లో తేడా ఇంకా ఎక్కువ. కాకపోతే వ్యూ డిస్టెన్స్, షాడోలు తగ్గించండి, అవి ప్రాసెసర్‌ని కూడా తింటాయి, డ్యామేజ్ మీటర్ లాంటి యాడాన్లు నాలుగు పీకేస్తే వచ్చే లాభం కూడా తక్కువేం కాదు, అది ఫ్రీ. పింగ్ మాత్రం ఏ ప్రాసెసరూ తగ్గించదు, మనకి దగ్గర్లో వావ్ సర్వర్ లేదు, అది మన ఖర్మ.

వేడి గురించి భయపడ్డా, గరిష్ఠం 90 డిగ్రీలు అంటారు కదా, బయోస్‌లో వోల్టేజ్ తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్ మైనస్ 20 పెట్టి టవర్ కూలర్ వేస్తే గేముల్లో దాని దరిదాపుల్లోకి కూడా వెళ్లలేదు. క్లాక్ పెంచే మల్టిప్లయర్ లాక్ చేసి ఉంటది కాబట్టి మామూలు ఓవర్‌క్లాకింగ్ ఆశలు పెట్టుకోకండి.

నాకైతే 5కి 4. తీసేసిన 5600 మా బావమరిది పీసీలోకి వెళ్లింది. వాడు ఆడేది 1.6 ఒక్కటే, పవర్ మోడ్, మౌస్ సెట్టింగ్ మార్చి ఇచ్చా. పోయిన శనివారం పక్కపక్కన కూర్చుని ఆడితే ఏ పీసీలో ఏ ప్రాసెసర్ ఉందో ఇద్దరికీ తెలీలేదు.