"ఆనర్స్ చివర్లో దానంతటదే కలుస్తుంది" అంటే నమ్మకండి: ఆస్ట్రేలియాలో బయోమెడికల్ సైన్స్ చదవబోయేవాళ్ళకి హెచ్చరిక

ఆస్ట్రేలియాలో బయోమెడికల్ సైన్స్ డిగ్రీకి ఆఫర్ లెటర్ వచ్చి, ఫీజు కట్టడానికి సిద్ధంగా ఉన్నారా? ఒక్క రోజు ఆగి ఇది చదవండి. మామూలు డిగ్రీ తీసుకోవాలా, ఆనర్స్ (రీసెర్చ్ చేసే అదనపు ఏడాది) ఉన్నది తీసుకోవాలా అన్న దగ్గర నేను పూర్తిగా మోసపోయాను. నాకు రెండేళ్ళు పోయాయి. మా నాన్న కట్టిన డబ్బు గురించి తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

2021లో మేం వెళ్ళిన కన్సల్టెన్సీ వాళ్ళు రెండు కోర్సులు చూపించారు. ఒకటి మూడేళ్ళ బ్యాచిలర్ ఆఫ్ బయోమెడికల్ సైన్స్. రెండోది అదే పేరు, పక్కన ఆనర్స్ అని ఉంది, నాలుగేళ్ళు. దానికి మార్కులు ఇంకొంచెం ఎక్కువ ఉండాలి, నాకు ఉన్నాయి కూడా. "నాలుగేళ్ళది ఎందుకు అంకుల్? మూడేళ్ళదైతే సీటు తొందరగా వస్తుంది. పాపకి రీసెర్చ్ ఇష్టమైతే ఆనర్స్ ఏడాది చివర్లో దానంతటదే యాడ్ అవుతుంది" అన్నాడు కౌన్సెలర్. నాన్న నా వైపు చూశారు. నేను సరేనని తలూపాను. ఆ మాట ఏ కాగితం మీదా లేదు. రాసివ్వమని అడగాలన్న ఆలోచనే మాకు రాలేదు.

2024 సెప్టెంబర్‌లో, మూడో ఏడాది చివర, అసలు సంగతి తెలిసింది. ఆనర్స్ అనేది పూర్తిగా వేరే కోర్సు. మళ్ళీ అప్లై చేయాలి, మార్కుల సగటు వాళ్ళు పెట్టిన గీత దాటాలి, పైగా మనల్ని తన ల్యాబ్‌లో తీసుకుంటానని ఒక సూపర్‌వైజర్ ముందే ఒప్పుకోవాలి. ఈ మూడో షరతు ఎవ్వరూ చెప్పరు. నేను వరసగా తొమ్మిది మందికి మెయిల్ పెట్టాను. ఇద్దరు రమ్మన్నారు. అందులో ఒక మేడమ్ తన ల్యాబ్ బయట, మైనస్ 80 ఫ్రీజర్ల పక్కనే ఉన్న చిన్న బల్ల దగ్గర కూర్చోబెట్టి నా ట్రాన్‌స్క్రిప్ట్ తెరిచారు. ప్రాజెక్టు గురించి చాలాసేపు ఆప్యాయంగా మాట్లాడారు. తర్వాత స్క్రీన్ మీద రెండో ఏడాది బయోకెమిస్ట్రీ దగ్గర వేలు ఆగింది. 54. "నాకు నిన్ను తీసుకోవాలనే ఉంది, కానీ నీ వామ్ 67.8. ఇక్కడ 70 కావాలి. నా చేతిలో లేదు" అన్నారు. ఫ్రీజర్ల హోరులో ఆమె గొంతు సరిగా వినపడక మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే చెప్పారు.

వామ్ అంటే సబ్జెక్టుల బరువును బట్టి కట్టే మార్కుల సగటు. ఆనర్స్‌కి చాలా చోట్ల 65కీ 70కీ మధ్య అడుగుతారు. కొన్ని యూనివర్సిటీలు మూడో ఏడాది సబ్జెక్టులనే విడిగా లెక్కిస్తాయి. మొదటి ఏడాదే ఈ సంగతి తెలిసుంటే, పార్ట్ టైమ్ షిఫ్టుల కోసం ఆ బయోకెమిస్ట్రీ సెమిస్టర్‌ని అంత తేలిగ్గా వదిలేసేదాన్ని కాదు. పాస్ అయితే చాలు, డిగ్రీ వస్తుంది అనుకున్నాను. డిగ్రీ వచ్చింది. నేను కోరుకున్న దారి మాత్రం మూసుకుపోయింది.

ఇది కేవలం పేరులో తేడా కాదని అందుకే చెబుతున్నాను. ఆస్ట్రేలియాలో చదువులన్నిటికీ ఏ.క్యూ.ఎఫ్. అనే మెట్ల వరస ఉంది. మామూలు బ్యాచిలర్ డిగ్రీ 7వ మెట్టు, ఆనర్స్ 8, మాస్టర్స్ 9, పీహెచ్‌డీ 10. ఆనర్స్ ఏడాదంతా దాదాపుగా ఒకే రీసెర్చ్ ప్రాజెక్టు, చివర్లో థీసిస్. అందులో ఫస్ట్ క్లాస్ (చాలా యూనివర్సిటీల్లో 80, ఆపైన) వస్తే మాస్టర్స్ చేయకుండానే నేరుగా పీహెచ్‌డీకి వెళ్ళొచ్చు, స్కాలర్‌షిప్ పోటీలోనూ ముందుంటారు. రీసెర్చ్ మీద మనసున్న పిల్లలకి ఆ ఒక్క ఏడాది విలువ అంత. మూడేళ్ళ డిగ్రీతో నేరుగా పీహెచ్‌డీ తలుపు తట్టడం జరిగే పని కాదు.

అలాగని కళ్ళు మూసుకుని నాలుగేళ్ళ ఆనర్స్ తీసేసుకోకండి. దాంట్లోనూ ఒక గుంట ఉంది, నా రూమ్మేట్ అందులో పడింది. తను మొదటి నుంచే ఆనర్స్ కలిసి ఉన్న కోర్సులో చేరింది. అలాంటి చాలా కోర్సుల్లో ప్రతి ఏడాదీ ఒక సగటు నిలబెట్టుకోవాలి, తగ్గితే మామూలు డిగ్రీకి దింపేస్తారు. రెండో ఏడాది తనకి జ్వరాలు, ఇంటి దగ్గర టెన్షన్లు, మార్కులు జారాయి. దింపేస్తున్నామని మెయిల్ వచ్చింది. పోనీ, మూడేళ్ళ డిగ్రీ అయినా వస్తుంది కదా అని సర్దుకుంది. అప్పుడు ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ ఆఫీసు వాళ్ళు పిలిచి వీసా సంగతి చెప్పారు.

స్టూడెంట్ వీసా మీద 8202 అనే షరతు ఉంటుంది. వీసా ఏ మెట్టు చదువుకి ఇచ్చారో అదే మెట్టులో గానీ, పై మెట్టులో గానీ చదువుతూ ఉండాలి. పీహెచ్‌డీ నుంచి మాస్టర్స్‌కి దిగడానికి మాత్రమే మినహాయింపు ఉంది. తన వీసా 8వ మెట్టుకి ఇచ్చింది, ఇప్పుడు చదవబోయేది 7. కాబట్టి కోర్సు మారేముందే కొత్త వీసా. 2025 జులైలో స్టూడెంట్ వీసా ఫీజుని 2,000 ఆస్ట్రేలియన్ డాలర్లకి పెంచారు, వీసా రాకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. ఆ రాత్రి తను వంటగదిలో నేల మీద కూర్చుని ఎవరికి ఫోన్ చేయాలో తెలియక ఏడ్చింది. ఆనర్స్ కోర్సులో చేరేవాళ్ళు "మార్కులు తగ్గితే నా వీసా పరిస్థితి ఏంటి?" అని చేరకముందే యూనివర్సిటీని అడగండి, దయచేసి.

ఇప్పుడు అన్నిటికంటే పెద్ద విషయం. "బయోమెడికల్ చదివితే హాస్పిటల్ ల్యాబ్‌లో సైంటిస్ట్ ఉద్యోగం గ్యారంటీ" అని చెప్పి ఈ డిగ్రీని అమ్ముతున్నారు. మామూలుదైనా, ఆనర్స్ అయినా, ఆ ఒక్క డిగ్రీతో అది జరగదు. రక్త పరీక్షలు, మైక్రోబయాలజీ, హిస్టాలజీ చేసే పాథాలజీ ల్యాబుల్లో సైంటిస్ట్ పోస్టులకి చాలా ప్రకటనల్లో ఆస్ట్రేలియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడికల్ అండ్ క్లినికల్ సైంటిస్ట్స్ గుర్తింపు ఉన్న డిగ్రీ అడుగుతారు. పొట్టిగా ఎయిమ్స్ అంటారు, మన ఢిల్లీ ఎయిమ్స్‌తో సంబంధం లేదు. మెడికల్ లాబొరేటరీ సైంటిస్ట్‌గా పీ.ఆర్.కి (అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతికి) స్కిల్స్ అసెస్‌మెంట్ చేసేదీ ఈ సంస్థే. ఈ గుర్తింపు ఉన్న కోర్సులకి పేర్లు ఎక్కువగా వేరుగా ఉంటాయి: లాబొరేటరీ మెడిసిన్, మెడికల్ లాబొరేటరీ సైన్స్ అని. ఆర్.ఎం.ఐ.టి., క్యూ.యు.టి. లాంటి చోట్ల ఉన్నాయి. వాటిలో హాస్పిటల్ ల్యాబ్ ప్లేస్‌మెంట్ (ఉద్యోగం కాదు, ల్యాబ్‌లో పనిచేస్తూ నేర్చుకునే శిక్షణ) చదువులోనే భాగం. నా డిగ్రీలో పైపెట్ పట్టుకున్న గంటలు చాలా ఉన్నాయి గానీ, ఒక్క పేషంట్ శాంపిల్ ముట్టుకున్నది లేదు. ఇంటర్వ్యూలో అదే అడిగారు. నాకు దొరికింది శాంపిళ్ళు వచ్చినప్పుడు బార్‌కోడ్ అంటించి, సెంట్రిఫ్యూజ్‌లో పెట్టే పని. ఆ పనిని నేను తక్కువ చేయను, అక్కడ చాలా నేర్చుకున్నాను. కానీ దానికి మూడేళ్ళ డిగ్రీ అక్కర్లేదు.

డాక్టర్ కావాలనుకుని ఈ డిగ్రీ తీసుకునేవాళ్ళ మాట వేరు. గ్రాడ్యుయేట్ మెడిసిన్‌కి బ్యాచిలర్ డిగ్రీ, గామ్‌శాట్ పరీక్ష, మంచి జీపీఏ ముఖ్యం. ఆనర్స్ తప్పనిసరి కాదు. వాళ్ళకి మూడేళ్ళది సరిపోతుంది.

ఏజెంట్లందరూ చెడ్డవాళ్ళని నేను అనను. అయితే వాళ్ళకి కమిషన్ యూనివర్సిటీ ఇస్తుందన్నది గుర్తుంచుకోండి. మీరు ఏ కోర్సులో చేరితే వాళ్ళకి సులువో దానివైపే మాట వాలుతుంది. అందుకే నోటి మాట వదిలేసి కాగితం చూడండి. విదేశీ విద్యార్థులకి అమ్మే ప్రతి కోర్సుకీ ఒక క్రైకాస్ కోడ్ ఉంటుంది, అది ఆఫర్ లెటర్ మీదే ఉంటుంది. మూడేళ్ళ కోర్సుకి ఒక కోడ్, ఆనర్స్‌కి ఇంకో కోడ్. నా లెటర్ మీద ఒక్క కోడే ఉంది, కోర్సు ముగింపు తేదీ 2024 అని స్పష్టంగా ఉంది. ఆనర్స్ "కలిసి" ఉంటే అక్కడ 2025 ఉండాలి కదా! ఆ కాగితాన్ని నేను మూడేళ్ళు ఫైల్లో పెట్టుకుని తిరిగాను, ఆ ఒక్క లైను చదవలేదు. మీకు యూనివర్సిటీతోనే గొడవ వస్తే నేషనల్ స్టూడెంట్ అంబుడ్స్‌మన్ ఉంది, 2025 ఫిబ్రవరిలో మొదలైంది, ఫిర్యాదుకి డబ్బు కట్టక్కర్లేదు. నాకు మాత్రం చూపించడానికి రాతపూర్వకంగా ఏమీ లేదు. కన్సల్టెన్సీకి ఫోన్ చేస్తే "మేం అవకాశం ఉంటుందన్నాం అంతే" అన్నారు.

ఇప్పుడు నేను ల్యాబ్ గుర్తింపు ఉన్న రెండేళ్ళ మాస్టర్స్ చేస్తున్నాను. మొదట్లోనే సరైన డిగ్రీలో చేరి ఉంటే ఈపాటికి ఉద్యోగంలో ఉండేదాన్ని.

పోయిన నెల మా పిన్ని కూతురికి రెండు ఆఫర్లు వచ్చాయి, ఒకటి బయోమెడికల్ సైన్స్ ఆనర్స్, ఇంకోటి పేరు కాస్త నాసిగా కనిపించే ల్యాబ్ డిగ్రీ. "అక్కా, ఆనర్స్ అంటే పెద్దది కదా?" అని అడిగింది. దాని లక్ష్యం హాస్పిటల్ ల్యాబ్. ఇద్దరం కూర్చుని రెండు యూనివర్సిటీలకీ ఒకే మెయిల్ రాశాం: ఈ కోర్సుకి ల్యాబ్ సంస్థ గుర్తింపు ఉందా, హాస్పిటల్ ప్లేస్‌మెంట్ ఎన్ని వారాలు, సగటు తగ్గితే ఏ కోర్సుకి మారుస్తారు, అప్పుడు వీసా ఏమవుతుంది. ఏజెంట్‌ని మధ్యలో పెట్టలేదు. నాలుగో రోజు ఆనర్స్ వాళ్ళ నుంచి జవాబొచ్చింది: గుర్తింపు లేదు, ప్లేస్‌మెంట్ లేదు. చాలా మర్యాదగా, ఒక్క వాక్యంలో. 2021లో మేం ఆ మెయిల్ పెట్టి ఉన్నా ఇదే జవాబు వచ్చేది. చెల్లి ఆ ఆఫర్ వదిలేసి రెండోదానికి డిపాజిట్ కట్టింది.