క్లస్టర్ తలనొప్పికి 40 రోజుల మూలికల కోర్సు: డబ్బు కట్టే ముందు ఇది చదవండి

నాది కర్నూలు. మూడేళ్లుగా క్లస్టర్ తలనొప్పితో బాధపడుతున్నాను. మొదట్లో అందరిలాగే నేనూ దీన్ని మైగ్రేన్ అనుకున్నాను. మైగ్రేన్ వచ్చినవాళ్లు చీకటి గదిలో కదలకుండా పడుకుంటారు. ఇది వస్తే పడుకోలేం, కూర్చోలేం. రాత్రి ఒంటిగంటన్నరకు అలారం పెట్టినట్టు లేపుతుంది. కుడికన్ను వెనకాల కాల్చిన చువ్వ దింపినట్టుంటుంది. ఆ కంట్లోనే నీళ్లు, ఆ వైపు ముక్కే బిగుసుకుపోతుంది. మిద్దె మీద ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూ ఉంటాను. గంట, గంటన్నరకు దానంతటదే పోతుంది. అలా ఆరేడు వారాలు రోజూ వచ్చి, ఆ తర్వాత ఏడాది దాకా దాని ఊసే ఉండదు.

దానంతటదే పోతుంది అన్నాను చూడండి, మూలికల వ్యాపారం మొత్తం దాని మీదే నడుస్తోంది.

పోయిన ఏడాది మా బావమరిది చెబితే పాతబస్తీలో ఒకాయన దగ్గరికి పోయాను. చూర్ణం, తలకు తైలం, ముక్కులో చుక్కలు, అన్నీ కలిపి 2,800 రూపాయలు. శొంఠికొమ్ము సానరాయి మీద అరగదీసి కణతలకు పట్టు వేసుకోమన్నాడు. అది మా అవ్వ ఊరికే చెప్పేది. రెండు వారాల్లో నొప్పి మాయం! ఆఫీసులో పదిమందికి చెప్పాను, ఇద్దరి చేత కొనిపించాను కూడా. ఆ ఇద్దరికీ ఇప్పుడు మొహం చూపించలేకపోతున్నాను. ఎందుకంటే నేను కొన్నది ఐదో వారంలో. ఆ విడత ఎలాగూ ముగిసేదే. కాకి వాలింది, తాటిపండు రాలింది.

ఈ ఏడాది తెలివి ఎక్కువై, నొప్పి మొదలైన మొదటి రోజే కొన్నాను. పది రోజులు వాడినా తేడా లేదు. ఫోన్ చేస్తే, "డోసు డబల్ చెయ్ అన్నా, లోపలున్న వాతం గట్టిగుండాది" అన్నాడు. చేశాను. మూడో రోజుకు నాలుక తోలుముక్కలా ఎండిపోయింది. ఆఫీసులో కంప్యూటర్ మీద అంకెలు అలుక్కుపోయాయి. బాత్రూంలో పది నిమిషాలు నిలబడినా ఒంటేలు రాదు, గుండె దడదడ. అద్దంలో చూసుకుంటే కంటిపాప రెండింతలై ఉంది. మా ఆవిడ ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయింది. డ్యూటీ డాక్టరు టార్చి వేసి చూసి అడిగిన మొదటి మాట: "ఏం ఆకుమందు తిన్నావు?" ఉమ్మెత్త కడుపులో పడినవాళ్లకు ఇలాగే ఉంటుందట. చూర్ణాన్ని ల్యాబులో చూపించలేదు కాబట్టి అందులో ఉమ్మెత్తే ఉందని ప్రమాణం చేయను. మానేసిన రెండు రోజులకు అన్నీ సర్దుకున్నాయి, అంతవరకు నిజం.

ఇంటికొచ్చి సీసా తిప్పి చూశాను. ముందు దేవుడి బొమ్మ, వెనక ఖాళీ. ఆయుర్వేద మందైనా సరే లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, చేసినవాళ్ల చిరునామా, ఏమేం కలిపారో లేబుల్ మీద ఉండాలని చట్టం. ఉమ్మెత్త లాంటి విషపు మూలిక ఉంటే వైద్యుల పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక కూడా వేయాలి. దీని మీద ఒక్కటీ లేదు. రసీదు అడిగితే "మనం మనం ఒకటే కదన్నా" అని నవ్వాడు.

డబ్బు వెనక్కి అడిగితే ఏమన్నాడో వినండి. "పథ్యం తప్పినావు అన్నా. వంకాయ తిన్నావా? గోంగూర తిన్నావా?" కర్నూల్లో ఉంటూ 40 రోజులు గోంగూర ముట్టనివాడుంటే చూపించండి.

ఆ తర్వాత న్యూరాలజిస్టును కలిశాను. నొప్పి మొదలవగానే ఆక్సిజన్ పీల్చమన్నారు. ముక్కులో పెట్టే సన్న గొట్టాలతో కాదు, కింద సంచి ఉన్న మాస్కుతో, నిమిషానికి 12 నుంచి 15 లీటర్లు. మొదటిసారి పావుగంటలో నొప్పి దిగిపోతే నాకు ఏడుపొచ్చింది. నొప్పి రాకుండా వెరపామిల్ బిళ్లలు రాశారు, అదీ ముందు ఈసీజీ తీసి చూశాకే. అందరికీ ఇదే పడుతుందని కాదు, మీ గుండె సంగతి చూసి మీ డాక్టరే చెప్పాలి. పక్కన ఏ చూర్ణం వాడుతున్నా దాచకుండా ఆయనకు చెప్పండి. ఈ విడత ఉన్నన్నాళ్లు మద్యం తాగడం పూర్తిగా మానాలి, అర పెగ్గు చాలు దీన్ని లేపడానికి.

ఆయుర్వేదం మీద నాకు కోపం లేదు. మా నాన్న మోకాళ్లకు చదువుకున్న ఆయుర్వేద డాక్టరు దగ్గరికే పోతాడు, ఆమె చీటీ రాసిస్తుంది, మందు పేరు చెబుతుంది. నేను కొన్న చోట పేరు అడిగితే "గురువుగారి రహస్యం" అన్నారు.

మొన్న ఆ దుకాణం వాట్సాప్ స్టేటస్ చూశాను. అదే సీసా, మూత మాత్రం పచ్చరంగుకు మారింది. ధర 3,200. కింద పోయిన ఏడాది నేను మెచ్చుకుంటూ పంపిన వాయిస్ మెసేజ్ ఇంకా తిప్పుతున్నాడు. అది విని కొనబోతుంటే ఆగండి, ఆ గొంతు నాదే.