వేడన్నం కోసం కొన్న ఫ్లాస్కు డబ్బా, పెరుగన్నానికి స్థిరపడింది

నా దగ్గరున్నది అరలీటరు స్టీలు ఫ్లాస్కు డబ్బా, రెండు గోడల మధ్య గాలి తీసేసిన రకం. వేడి ఎన్ని గంటలు నిలుస్తుంది, స్టీలు ఏ రకం అన్నవి అట్టపెట్టె మీదే ఉంటాయి కాబట్టి వదిలేస్తున్నాను. కొని మూడేళ్లు దాటింది. మాదాపూర్‌లో ఆఫీసు. ఎనిమిదింటికి ఇల్లు వదిలితే ఒంటిగంటకు తిండి. కొన్నది సాంబారన్నం వేడిగా తినడానికే, కానీ ఇప్పుడు దీన్ని వదులుకోలేకపోతున్నది మాత్రం పెరుగన్నం వల్ల.

మా లంచ్ బల్ల దగ్గర రాజమండ్రి అబ్బాయి ఒకడున్నాడు. మే నెలలో నా డబ్బాలోంచి వస్తున్న ఆవిరి చూసి, "ఈ ఎండల్లో ఆ సాంబారేంటక్కా, దీంట్లో అన్నం తోడేసి తెచ్చుకోండి, మధ్యాహ్నానికి పేరుకుంటుంది" అన్నాడు. వాళ్లింట్లో రాత్రిపూట కుండలో పాలన్నం తోడేసి, పొద్దున్నే ఉల్లిపాయ నంజుకుని తింటారట. ఫ్లాస్కులో అవుతుందా అని నాకు అనుమానమే. పైగా కదిలితే పెరుగు సరిగ్గా తోడుకోదంటారు. నా డబ్బా ఏమో మెట్రోలో జనం మధ్య ఊగుతూ వస్తుంది.

అయింది. ఎంత బాగా అయిందంటే ఆ రోజు నా డబ్బాలోంచి నాకు సగమే మిగిలింది. ఇంట్లో పెరుగు కలుపుకుని తెచ్చే అన్నం ఒంటిగంటకల్లా పుల్లబడి నీరు వదులుతుంది. ఇది అప్పుడే తోడుకున్నది కాబట్టి పులుపు తెలియదు, పాల కమ్మదనం ఉంటుంది. కదలడం వల్ల పెరుగు విరిగినా అన్నంలో కలిసిపోయి తెలియదు.

చేసే పద్ధతి చెబుతాను. అన్నం కాస్త మెత్తగా వండి, గరిటెతో మెదిపి, కాచిన పాలు పోయాలి. పాలు అన్నం మీదకు బాగా తేలాలి, లేకపోతే మధ్యాహ్నానికి అన్నం పీల్చేసుకుని ముద్దవుతుంది. వేలు పెడితే గోరువెచ్చగా తగిలినప్పుడు అరచెంచా పెరుగు కలిపి మూత బిగించేయాలి. వేడి పాలల్లో తోడేస్తే పేరుకోదు. ఉప్పు తినేముందు. పెరుగు తోడుకోవడానికి 40 నుంచి 45 డిగ్రీల వేడి బాగా నప్పుతుంది. ఆ వేడిని జారిపోనివ్వకపోవడమే ఈ డబ్బా పని. అందుకే డిసెంబరులో, మా వంటింటి గట్టు మీద రాత్రంతా ఉంచినా పాలు పాలలాగే ఉండే రోజుల్లో కూడా, దీంట్లో మధ్యాహ్నానికి తోడుకుంటుంది.

ఇక బల్ల దగ్గర గొడవ మొదలైంది. నిజామాబాద్ ఆవిడ పోపు లేకపోతే రుచేముందంటుంది. గుంటూరాయన పోపేస్తే గుడి ప్రసాదం అవుతుంది, దీనికి మాగాయే ఉండాలంటాడు. ఇద్దరూ ఎవరి సరంజామా వాళ్లు తెస్తారు. ఒకరు ఊరమిరపకాయలు వేయించి, ఒకరు మాగాయ సీసాతో. నాకు నష్టమేం లేదు, రెండూ నంజుకుంటాను.

సాంబారన్నం సంగతికొస్తే, కొన్న కొత్తలో దీన్ని అందరి దగ్గరా తెగ పొగిడాను, మైక్రోవేవ్ దగ్గర క్యూలో నిలబడక్కర్లేదని. అది నిజమే. కానీ మా ఆఫీసులో సగం కబుర్లు ఆ క్యూలోనే అయిపోతాయి. ఎవరికి ట్రాన్స్‌ఫర్, ఎవరింట్లో పెళ్లిచూపులు, ఏ మేనేజరు ఎవరి మీద అరిచాడు, అన్నీ. నేను ముందే బల్ల దగ్గర కూర్చుని మూత తీసుకుని ఎదురుచూడ్డం, వాళ్లు వచ్చేసరికి కబురు ముగింపులో ఉండడం. ఇప్పుడు ఖాళీ చేతులతో వెళ్లి క్యూలో నిలబడుతున్నాను.

వేపుళ్లకు ఇది పనికిరాదు. ఆవిరి బయటకు పోదు కాబట్టి బెండకాయ వేపుడు ఒంటిగంటకు కూరయిపోతుంది. పప్పు, సాంబారు, పులుసు బాగుంటాయి, అదీ ముందు మరుగునీళ్లు పోసి ఐదు నిమిషాలుంచి, పొగలు కక్కే తిండి మూతిదాకా నింపితేనే. సగం నింపితే తొందరగా చల్లారిపోతుంది.

పెరుగన్నానికీ ఒక చిక్కుంది. మీటింగు సాగి సాగి రెండున్నర దాటితే, ఎండాకాలంలో ఆ కమ్మదనం పోయి పులుపెక్కుతుంది. వేళకు తినలేని ఉద్యోగమైతే పాలు కాస్త చల్లారాక తోడేసి, పెరుగు తగ్గించి చూడాలి. నాకు వారంలో ఎక్కువ రోజులు ఒంటిగంటకు కుదురుతుంది కాబట్టి సరిపోయింది. ఆకలి ఎక్కువున్నవాళ్లకు అరలీటరు చాలదు. మా గుంటూరాయనైతే దీన్ని చూసి పిల్లల డబ్బా అంటాడు.

కొనేవాళ్లు మూతలోని రబ్బరు రింగు విడిగా దొరుకుతుందో లేదో ముందే అడగండి. సాంబారు వాసన దానికి పడితే వదలదు, అదే మూతతో పాలన్నం తోడేస్తే ఇంగువ వాసనొస్తుంది. నేను కొన్న కంపెనీ విడి రింగులు అమ్మడం మానేసింది. అందుకే ఇప్పుడు దీంట్లో సాంబారు పోయడం లేదు. దానికి పాత స్టీలు క్యారియరే, మైక్రోవేవ్‌లో పెట్టడానికి ఆఫీసులో ఒక గాజు గిన్నె.